ఒక్క వైరూ కోయకుండా: పాత కారులో స్టీరియో మార్చిన డైరీ

మొదటి శనివారం: కొలతలు

నాన్న కారు 1993 మోడల్. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మూగబోయింది స్టీరియో ఒక్కటే. క్యాసెట్ పెడితే టేపు లోపల చుట్టుకుపోతోంది, రేడియో ఒక స్టేషన్ మీద నిలవడం లేదు, వాల్యూమ్ నాబ్ ముట్టుకుంటే చాలు గరగరమంటోంది. కుడివైపు ముందు స్పీకర్ పలకడం మానేసి చాలా కాలమైంది. ఈ కారు వెనక సీట్లో పాటలు వింటూ పెరిగిన దాన్ని నేను. దీన్ని ఇలా వదిలేయడం ఇష్టం లేక కొత్త సెట్ పెట్టాలనుకున్నాను. పని మొత్తం నేనే చేస్తాను. ఏ రోజు చేసింది ఆ రోజే రాసుకుంటాను.

చెయ్యి పెట్టే ముందే మూడు షరతులు పెట్టుకున్నాను. కారుతో పాటు వచ్చిన వైర్లలో ఒక్కటి కూడా కోయకూడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కంపెనీ సెట్‌ను మళ్ళీ ఉన్నది ఉన్నట్టు బిగించగలగాలి. కారు వారం రోజులు కదలకుండా ఉన్నా బ్యాటరీ దిగిపోకూడదు. మొదటిది పాటిస్తే రెండోది దానంతటదే కుదురుతుంది.

ఈరోజు స్కేలు పట్టుకుని కొలతలు మాత్రమే తీశాను. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ వదిలేస్తే సెట్ వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. దీన్నే సింగిల్ డిన్ అంటారు. డిన్ అన్నది జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు. ఆ కొలతే తర్వాత ఐఎస్‌ఓ 7736 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. అందుకే ముప్పై ఏళ్ళ నాటి కారులో కూడా ఈరోజు తయారైన సెట్ పడుతుంది. డబుల్ డిన్ వెడల్పు కూడా అంతే, ఎత్తు మాత్రం 100. మా కారులో సెట్ కింద చిన్న అర ఒకటి ఉంది. రెండూ కలిపితే సరిగ్గా డబుల్ డిన్ ఖాళీ వస్తుంది.

పెద్ద టచ్ స్క్రీన్ పెట్టొచ్చు కదా అని తమ్ముడు గట్టిగానే అడిగాడు. కాసేపు నాకూ ఆశ పుట్టింది. కానీ ఆ అర వెనక నుంచి హీటర్ కేబుల్ పోతోంది, దాన్ని జరపడం నాకిష్టం లేదు. ఇంకో సంగతి, తిప్పే నాబ్ అయితే రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా చేత్తో తడిమి సౌండ్ తగ్గించొచ్చు. బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్ఎం, పెద్ద నాబ్ ఉన్న సింగిల్ డిన్ సెట్ ఖాయం చేసుకున్నాను. సీడీ మెకానిజం లేని రకం కాబట్టి లోతు కూడా తక్కువ. పాత కార్ల డ్యాష్‌బోర్డు వెనక ఖాళీ ఎప్పుడూ తక్కువే ఉంటుంది. సెట్ వెనక ప్లగ్గులకీ వైర్లకీ చోటు మిగలాలంటే ఆ తగ్గిన లోతే ఆధారం.

ఆదివారం: పాత సెట్ బయటికి

ముందుగా బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పాను. మా కారులో ఎయిర్ బ్యాగులు లేవు. ఉన్న కార్లలో టెర్మినల్ తీశాక కొన్ని నిమిషాలు ఆగి గానీ డ్యాష్‌బోర్డు జోలికి పోకూడదు. ఇంకొన్ని కార్లలో కంపెనీ సెట్‌కి దొంగతనం అడ్డుకునే కోడ్ ఉంటుంది. కరెంటు పోతే ఆ కోడ్ ఇచ్చేదాకా సెట్ పలకదు. కోడ్ రాసి ఉన్న కార్డు దొరికాకే టెర్మినల్ తీయడం మంచిది. మా సెట్‌కి ఆ బాధ లేదు.

బయటికి ఒక్క స్క్రూ కూడా కనపడలేదు. చాలాసేపు వెతికాక యాష్ ట్రే లాగి చూస్తే దాని వెనక రెండు స్క్రూలు, పైన గడియారం బిళ్ళ కింద ఇంకొకటి కనిపించాయి. అవి తీశాక ఫ్రేమ్‌ని క్లిప్పులే పట్టుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళు ఎండలో ఉన్న ప్లాస్టిక్ అప్పడంలా ఉంటుంది, పట్టి లాగితే పుటుక్కుమంటుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఫ్రేమ్ చుట్టూ రెండు మూడు నిమిషాలు వెచ్చబెట్టి, ఇనుప స్క్రూడ్రైవర్ బదులు ప్లాస్టిక్ బద్ద దూర్చి, ఒక్కో క్లిప్పూ వదిలించాను. ఆరు క్లిప్పుల్లో ఒకటి విరిగింది. ముక్క దాచిపెట్టాను.

స్క్రూలకి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫ్రేమ్ బొమ్మ కాగితం మీద గీసి, ఎక్కడి స్క్రూ అక్కడే టేపుతో అంటించాను. పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ చోట బిగిస్తే వెనకున్న వైరులో దిగే ప్రమాదం ఉంది.

సెట్ ముందుకి జరిగి వచ్చింది. వెనక చెయ్యి పెట్టగానే వేళ్ళకి జిగురు అంటుకుంది. టార్చి వేసి చూశాను. కంపెనీ ప్లగ్ చక్కగానే ఉంది. కానీ దాని నుంచి వచ్చే రెండు వైర్ల మీద తొడుగు గీకేసి, వేరే వైర్లు మెలిపెట్టి, నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేశారు. వేసవి తర్వాత వేసవి ఆ టేపు జిగురంతా కరిగి కారి, టేపు చుట్ట వైరు మీద అటూ ఇటూ జారుతోంది. ఒకచోట రాగి తీగ బయటికి కనపడుతోంది. దానికి అర అంగుళం దూరంలో బాడీ రేకు. ఇన్నేళ్ళూ ఏ గతుకులోనూ ఆ రెండూ తగలకపోవడం మా అదృష్టం.

నాన్నని పిలిచి చూపించాను. ఆయన వంగి చూసి, కాసేపు ఆలోచించి, "వెనక కూర్చుంటే పాట వినపడట్లేదని మీ అమ్మ అంటే, అప్పట్లో ఒక కుర్రాడితో వెనక స్పీకర్లు పెట్టించానమ్మా. గంటలో చేసి ఇచ్చేశాడు" అన్నారు. ఆ గంట పని విప్పి అర్థం చేసుకోడానికి నాకు ఎన్ని రోజులు పడుతుందో ఈరోజు చెప్పలేను. అప్పుడు వాళ్ళకి కావలసింది వెనక పాట వినపడడం, అది వినపడింది. నేను మాత్రం ఇలాంటి అతుకు ఒక్కటి కూడా మిగల్చను.

రెండో శనివారం: ఏ వైరు ఏమిటో

ఈరోజు మల్టీమీటర్‌తోనే గడిచింది. కొత్త సెట్ వైపు రంగులు దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే వైరు. గడియారం, సేవ్ చేసుకున్న స్టేషన్లు దాని మీదే బతుకుతాయి. ఎరుపు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాల్సింది. నలుపు ఎర్త్, అంటే కారు బాడీకి కలిసేది. నీలం యాంటెనాకి, తెల్ల చార ఉన్న నీలం విడి ఆంప్లిఫయర్‌కి (శబ్దాన్ని పెంచే పెట్టె) సెట్ వేశామని చెప్పే సంకేతం. నారింజ రంగు పార్కింగ్ లైట్లు వేసినప్పుడు డిస్‌ప్లే వెలుగు తగ్గించడానికి. స్పీకర్లకి ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. నల్ల చార ఉన్నది మైనస్, చార లేనిది ప్లస్.

కారు వైపు రంగులని మాత్రం నమ్మకూడదు. ఏ కంపెనీ రంగులు ఆ కంపెనీవే. పైగా మా కారులో ఇంకొకరి చెయ్యి కూడా పడింది. బ్యాటరీ మళ్ళీ తగిలించి, మీటర్ నల్ల తీగ బాడీ బోల్టుకి పట్టించి, ప్లగ్‌లో ఒక్కో పిన్నూ చూసుకుంటూ పోయాను. తాళం తీసేసి ఉన్నప్పుడు 12.5 వోల్టులు చూపించిన పిన్ ఒకటే. అది పసుపు వెళ్ళాల్సిన చోటు. తాళం మొదటి మెట్టుకి తిప్పితే ఇంకో పిన్‌లో 12.4 వచ్చింది, తీస్తే సున్నా. అది ఎరుపుది. పార్కింగ్ లైట్లు వేస్తే మూడోది మేలుకుంది.

నేను తెచ్చిన అడాప్టర్ వైరింగ్‌కి ఒక కొసన మా కారు ప్లగ్‌కి సరిపోయే మూతి, రెండో కొసన ఐఎస్‌ఓ 10487 ప్లగ్గులు రెండు ఉన్నాయి. ఒకటి కరెంటుకి, ఒకటి స్పీకర్లకి, ఒక్కోదానిలో ఎనిమిదేసి పిన్నులు. కరెంటు ప్లగ్‌లో 4వ పిన్ ఎప్పుడూ కరెంటు ఉండేది, 7వది తాళంతో వచ్చేది, 8వది ఎర్త్. కొన్ని కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి. అందుకే చాలా అడాప్టర్లలో పసుపు, ఎరుపు వైర్ల మధ్యలో విప్పి మార్చుకునే చిన్న గొట్టం జాయింట్లు ఇస్తారు. తారుమారైతే సెట్ పాడవదు గానీ, తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, గడియారం అన్నీ చెరిగిపోతాయి. మీ సెట్ రోజూ పొద్దున్నే అన్నీ మర్చిపోతుంటే ముందు చూడాల్సింది ఆ రెండు వైర్లే.

అడాప్టర్‌ని కారు ప్లగ్‌కి తగిలించి, అవతలి కొసన మళ్ళీ కొలిచాను. 4లో ఎప్పుడూ 12.5, 7లో తాళంతో 12.4. సరిపోయింది.

చివర్లో స్పీకర్ వైర్లు చూడబోయాను. ఇక్కడే పని ఆగింది. ప్లగ్ సెట్ నుంచి ఊడదీసే ఉంది. ముందు స్పీకర్ల మైనస్ బాడీకి నేరుగా కలిసిన జాడ లేదు, అలా ఉండకూడదు కూడా. వెనక స్పీకర్ల మైనస్‌కీ బాడీకీ మధ్య పెట్టగానే మీటర్ బీప్‌మంది. 0.3 ఓమ్‌లు, అంటే కరెంటుకి దాదాపు అడ్డే లేదు. అంటే వెనక స్పీకర్ల మైనస్ ముందు దాకా రానే లేదు. డిక్కీలో ఎక్కడో బాడీకే బిగించేశారు.

ఆదివారం: మైనస్ అంటే ఎర్త్ కాదు

పాత సెట్ మార్చే ప్రతి ఒక్కరూ ఒక్కసారి ఆగి చూసుకోవాల్సింది ఇదే కాబట్టి దీన్ని వివరంగా రాస్తాను.

మా కంపెనీ సెట్ పాతకాలం పద్ధతిది. స్పీకర్‌కి పాట ప్లస్ వైరులో మాత్రమే వెళ్తుంది. మైనస్ సెట్ లోపలికి వచ్చి బాడీకే కలుస్తుంది. అలాంటప్పుడు మైనస్ వైరుని సెట్ దాకా తెచ్చినా, డిక్కీలో రేకుకి బిగించినా పాట వినపడుతుంది. ఆ కుర్రాడు వైరు మిగుల్చుకుని రేకుకి బిగించాడు.

ఇప్పటి సెట్లు అలా పని చేయవు. ఒక్కో స్పీకర్‌కి రెండు ఆంప్లిఫయర్లు రెండు వైపులా ఉంటాయి. ప్లస్ వైరులో వోల్టేజ్ పైకి వెళ్తున్న క్షణంలో మైనస్ వైరులో కిందికి దిగుతుంది. ఇద్దరు రంపం పట్టుకుని కోస్తున్నట్టు ఒకరు లాగితే ఒకరు వదులుతారు. 12 వోల్టుల బ్యాటరీతోనే ఎక్కువ శక్తి రాబట్టడానికి చేసిన ఏర్పాటు ఇది. పాట లేనప్పుడు కూడా ఆ రెండు వైర్లలోనూ బాడీతో పోలిస్తే దాదాపు 6 వోల్టులు నిలిచి ఉంటాయి. అలాంటి మైనస్‌ని రేకుకి తగిలిస్తే ఆంప్లిఫయర్‌ని నేరుగా షార్ట్ చేసినట్టే. చాలా సెట్లలో రక్షణ ఉంటుంది, సెట్ వెంటనే ఆగిపోతుంది. ప్రతిసారీ ఆ రక్షణే కాపాడుతుందని అనుకోవడం మాత్రం తప్పు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. వెనక స్పీకర్ల ప్లస్ వైర్లని ముందు స్పీకర్ల ప్లస్‌కే మెలిపెట్టారు. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు అలా పక్కపక్కన కలిస్తే సెట్‌కి కనపడేది 2 ఓమ్‌లే, అంటే అది రెట్టింపు కరెంటు ఇవ్వాలి. పాత సెట్ ఇన్నేళ్ళూ ఆ బరువు మోసింది. అది వేడెక్కుతోందని నాన్న అప్పుడప్పుడూ అనడం నాకు గుర్తుంది.

నిర్ణయం తేలికే, వెనక స్పీకర్లకి కొత్తగా రెండేసి వైర్లు లాగాలి. పాత అతుకులు విప్పాను. కంపెనీ వైర్ల మీద తొడుగు గీకిన చోట జిగురు స్పిరిట్‌తో తుడిచి, వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసే సన్నటి హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించాలనుకున్నాను. కానీ గొట్టం ఎక్కించాలంటే వైరుకి ఒక కొస విడిగా ఉండాలి. వైరు కోయను కదా. ప్లగ్ వెనక నుంచి ఆ రెండు పిన్నుల గొళ్ళేలు సన్నటి సూదితో నొక్కి, పిన్నులు వెనక్కి లాగి, గొట్టం ఎక్కించి, వెచ్చబెట్టి, మళ్ళీ టక్‌మని కూర్చునేదాకా తోశాను. ఒక్కో పిన్‌కీ అరగంట పట్టింది. రెండూ అయ్యాక ఆ వైరింగ్ చూస్తే ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చినట్టు ఉంది. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ తృప్తి ఇచ్చిన గంట ఇదే.

మూడో శనివారం: స్పీకర్లు

వెనక్కి లాగడానికి ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న జంట వైరు వాడాను. డ్యాష్‌బోర్డు నుంచి వెనక సీటు పైన బల్ల దాకా దాదాపు 5 మీటర్లు. పోనూ రానూ 10 మీటర్లకి దాని నిరోధం 0.2 ఓమ్‌ల లోపే. 4 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. ద్వారాల దగ్గర కాళ్ళు పెట్టే చోట ఉండే ప్లాస్టిక్ పట్టీలు ఎత్తి, వాటి కింద వైరు పరిచాను. సీటు బోల్టుల దగ్గరా, రేకు అంచు తగిలే ప్రతిచోటా మెత్తటి గొట్టం తొడిగాను.

ముందు తలుపుల ప్యాడ్లు విప్పి చూస్తే కుడి స్పీకర్ ఎందుకు పలకడం లేదో అర్థమైంది. కాగితం శంఖం చుట్టూ ఉండే స్పాంజి పూర్తిగా పొడిపొడి అయిపోయి, వేలితో ముట్టుకుంటే రాలుతోంది. ఎడమది కూడా రేపో మాపో అన్నట్టే ఉంది. మీటర్ పెడితే ఎడమది 3.6 ఓమ్‌లు చూపించింది. 4 ఓమ్‌ల స్పీకర్‌కి మీటర్ మీద 4 కంటే కాస్త తక్కువే కనపడాలి. కుడిదానికి అసలు రీడింగే రాలేదు, కాయిల్ తెగిపోయింది. ముందు రెండూ కొత్తవి వేశాను. వెనకవి శుభ్రంగా ఉన్నాయి, వాటినే ఉంచాను.

తలుపు లోపల రేకుకి అంటించి ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. స్పీకర్ మార్చేవాళ్ళు చాలామంది దాన్ని చింపి పారేస్తారు. అద్దం పక్క నుంచి తలుపులోకి దిగే వాన నీళ్ళు స్పీకర్ మీదికీ, కారు లోపలికీ రాకుండా ఆపేది ఆ షీటే. జాగ్రత్తగా ఊడదీసి మళ్ళీ అంటించాను.

ప్లస్, మైనస్ సరిచూసుకోడానికి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. సెల్ ప్లస్‌ని స్పీకర్ వైరులో నేను ప్లస్ అనుకున్న దానికీ, మైనస్‌ని రెండోదానికీ అర క్షణం తాకించాలి. శంఖం బయటికి వస్తే అనుకున్నది నిజం, లోపలికి వెళ్తే తారుమారు. నేను డ్యాష్‌బోర్డు దగ్గర వైర్లు తాకిస్తుంటే తమ్ముడు ఒక్కో తలుపు దగ్గర కూర్చుని, "బయటికి... బయటికి... అక్కా, ఇది లోపలికి!" అని చెప్పాడు. వెనక కుడిది తిరగబడి ఉంది. ఒక్క స్పీకర్ ఇలా తిరగబడితే అది తోస్తున్న గాలిని పక్కది లాగేస్తుంది. పాటలో బేస్ మాయమవుతుంది, గాయకుడి గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియదు. కొత్త సెట్ పెట్టాక సౌండ్ పలచగా ఉందనిపిస్తే డబ్బు పెట్టే ముందు ఈ సెల్ పరీక్ష చేయండి.

స్పీకర్ల ప్యాకింగ్ మీద, సెట్ అట్టపెట్టె మీద వాట్ల అంకెలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. నా సెట్ మీద 4×50 వాట్లు అని ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు 14.4 వోల్టులు వస్తాయి. దాన్ని దానితోనే గుణించి 4 ఓమ్‌లతో భాగిస్తే దాదాపు 52. ఆంప్లిఫయర్ పూర్తిగా కొసకి కొట్టుకుపోయి పాట చిరిగిపోయినప్పటి లెక్క అది. శుభ్రమైన శబ్దానికి వచ్చేది అందులో సగం, చిప్‌లో వేడిగా పోయేది తీసేస్తే 20 వాట్లు అటూ ఇటూ. కారు లోపలికి ఆ 20 చాలు. స్పీకర్ కొనేటప్పుడు చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న అంకె మాత్రమే, స్పీకర్ ఆగకుండా మోయగల శక్తి అదే.

ఆదివారం: బల్ల మీద పని

సెట్ వైర్లనీ అడాప్టర్ వైర్లనీ కలపడం కారులో వంగి కాకుండా బల్ల మీద చేశాను. ఈ రెండూ నేను కొన్నవే కాబట్టి కోసినా, అతికినా కారుకి సంబంధం లేదు. ఒక్కో జాయింట్‌కీ ముందు హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించి, తీగలు ఒకదానిలో ఒకటి దూర్చి, టంకం పెట్టి, గొట్టం జరిపి వెచ్చబెట్టాను. టంకం పెట్టిన చోట వైరు బిరుసెక్కుతుంది. కారు కుదుపులకి అక్కడే విరుగుతుంది కాబట్టి జాయింట్లని ఒకే చోట కాకుండా ముందూ వెనకా చేసి, మొత్తం కట్టని బట్ట టేపుతో చుట్టాను. మంచి పట్టకారుతో క్రింప్ చేసినా, అంటే చిన్న లోహపు గొట్టంలో తీగలు పెట్టి నొక్కేసినా, అంతే గట్టిగా ఉంటుంది. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టడం ఒక్కటే వద్దు. దాని గతి ఏమవుతుందో రెండు వారాల క్రితం నా వేళ్ళకి అంటుకుంది.

విడి ఆంప్లిఫయర్ వైరు నాకు అక్కర్లేదు. దాని కొసకి కూడా గొట్టం తొడిగి మూసేశాను. ఊరికే వదిలేసిన వైరులో కూడా సెట్ వేయగానే 12 వోల్టులు ఉంటాయి.

తర్వాత బల్ల మీదే 12 వోల్టుల బ్యాటరీకి 3 ఆంపియర్ల ఫ్యూజ్ మధ్యలో పెట్టి, ఒక పాత స్పీకర్ తగిలించి సెట్ వేశాను. పలికింది. నాలుగు ఛానళ్ళూ ఒక్కొక్కటే చూశాను.

నాలుగో శనివారం: బిగింపు, కూత

కారు వైపు స్పీకర్ వైర్లన్నీ ఆఖరిసారి చూసుకున్నాను. బాడీతో ఏదీ పలకకూడదు, జంటగా కొలిస్తే 3.5 దగ్గర రావాలి. ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయి. ఖాళీలో సెట్‌ని పట్టి ఉంచే లోహపు కేజ్ దూర్చి, స్క్రూడ్రైవర్‌తో దాని నాలుకలు బయటికి వంచాను. అన్ని నాలుకలూ వంచక్కర్లేదు, డ్యాష్‌బోర్డు అంచుని పట్టుకునేవి చాలు. సెట్ తోస్తే క్లిక్‌మంది.

యాంటెనా ప్లగ్ పాత రకానిది, పొడుగు మూతి. కొత్త సెట్ వెనక రంధ్రం వేరు. మధ్యలో చిన్న అడాప్టర్ పడింది. మాది చేత్తో పైకి లాగే మామూలు యాంటెనా కాబట్టి నీలం వైరుకి కూడా తొడుగు వేశాను. యాంటెనా అడుగున బూస్టర్ ఉన్న కార్లలో మాత్రం నీలం వైరు కలపకపోతే రేడియో దాదాపు చచ్చిపోతుంది. సెట్ బాగాలేదని అప్పుడు అనుకోకండి.

పాట పెట్టాను. ముప్పై ఏళ్ళ కారులో ఇంత స్పష్టంగా వీణ తీగ మీటిన చప్పుడు వస్తుందని నేను అనుకోలేదు. ఇంజను స్టార్ట్ చేశాను. పాట వెనక సన్నటి కూత మొదలైంది. ఎక్సిలరేటర్ తొక్కితే కూత పైకి పాకుతోంది, వదిలితే దిగుతోంది. అది ఇంజనుతో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చప్పుడు. పాట ఆపినా పోలేదు.

గంటసేపు టెన్షన్ పడ్డాను. తర్వాత ఒక్కో వైరూ తీసి చూస్తూ పోతే, యాంటెనా ప్లగ్ లాగిన క్షణంలో కూత ఆగింది. పెడితే మళ్ళీ వచ్చింది. అక్కడ దొరికింది దారి. సెట్ ఎర్త్ వైరు సరిగ్గా లేకపోతే కరెంటు యాంటెనా పైతొడుగు గుండా బాడీకి దారి వెతుక్కుంటుంది, దాంతో పాటే ఆల్టర్నేటర్ అలజడి సెట్‌లోకి వస్తుంది. సెట్ వేసి, బ్యాటరీ మైనస్‌కీ సెట్ లోహపు ఒంటికీ మధ్య కొలిస్తే 0.4 వోల్టులు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. కంపెనీ ఎర్త్ వైరు వెంట వెళ్తే, డ్యాష్‌బోర్డు కింద అది బిగించిన స్క్రూ తుప్పు పట్టి ఉంది. స్క్రూ తీసి, రేకుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త స్క్రూ బిగించి, పైన గ్రీజు రాశాను. దానితో పాటు సెట్ వెనక ఉండే బోల్టు నుంచి అదే చోటికి మందమైన వైరు ఇంకొకటి వేశాను. ఇప్పుడు 0.03 వోల్టులు. ఇంజను వేసి, ఎక్సిలరేటర్ తొక్కి, చెవి స్పీకర్‌కి ఆనించి విన్నాను. కూత లేదు.

ఆదివారం: మైకు, బ్యాటరీ

ఫోను మాటలకి ఇచ్చిన మైకుని మొదట డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. అవతలివాళ్ళకి ఫ్యాను గాలి హోరే వినపడింది. సన్ వైజర్ పక్కన, నోటికి ఎదురుగా పెడితే బాగుపడింది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టిన ఫోన్ చార్జర్ ఒకటి ఎఫ్ఎం మీద బుసబుస చప్పుడు తెస్తోంది. చార్జర్ మారిస్తే పోయింది.

సెట్‌లో బేస్ అడుగు భాగాన్ని కోసే ఫిల్టర్ ఉంది. ముందు స్పీకర్లకి 80 హెర్ట్‌జ్ దగ్గర పెట్టాను. తలుపులో చిన్న స్పీకర్ మోయలేని బరువు దించేస్తే మిగతాది తేటగా పలుకుతుంది, తలుపు ప్యాడ్ కూడా దడదడలాడదు. వెనక స్పీకర్లని ముందువాటికంటే కాస్త తగ్గించాను.

ఆఖరి పరీక్ష మూడో షరతుది. తాళం తీసి, అన్నీ ఆపి, బ్యాటరీ మైనస్‌కీ దాని తీగకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి కలిపాను. మొదట ఎక్కువ చూపించింది. తలుపు తెరిచి ఉండడంతో లోపలి లైటు వెలుగుతోంది. తలుపు గొళ్ళెం స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేసి, పది నిమిషాలు ఆగాను. 22 మిల్లీ ఆంపియర్లు. రోజుకి లెక్కేస్తే అర ఆంపియర్ అవర్. మా 45 ఆంపియర్ అవర్ బ్యాటరీకి వారం రోజులన్నది పెద్ద లెక్క కాదు. 50 మిల్లీ ఆంపియర్లు దాటి ఉంటే మాత్రం మళ్ళీ వైర్ల వెంట పడేదాన్ని.

మిగిలిన పనులు రెండు. విరిగిన క్లిప్పు ముక్కని అతికించాలి. నారింజ వైరు కలిపినా రాత్రి డిస్‌ప్లే వెలుగు ఇంకా ఎక్కువే ఉంది, సెట్టింగుల్లో వెతకాలి.

పాత సెట్‌ని తుడిచి, దాని స్క్రూలు ఒక పొట్లంలో కట్టి, ఏ పిన్ ఏమిటో రాసిన కాగితంతో పాటు అట్టపెట్టెలో పెట్టాను. కాగితం మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం రాశాను: "ఇది బిగిస్తే వెనక స్పీకర్ల వైర్లు కలపొద్దు, ముందువి మాత్రమే." పెట్టె మూసేలోపు నాన్న వచ్చి సెట్ చేతిలోకి తీసుకున్నారు. క్యాసెట్ మూత వేలితో నెట్టి లోపలికి చూశారు. "బెల్టు సాగిపోయినట్టుందమ్మా. అది దొరుకుతుందేమో చూడకూడదూ" అన్నారు. పైమూత విప్పాను. బెల్టు చుట్టుకొలత దారంతో కొలిచి రాసుకున్నాను.